పన్నెండు గంటల డ్యూటీల నా మొకం మీద నిలిచినవి, నిలవనివి

నల్లగొండ ప్రకాశం బజార్ల ఒక ఫ్యాన్సీ స్టోర్ల 120 రూపాయలు పెట్టి మొకం మీది జిడ్డు గుంజే కాయితాలు కొన్న. చిన్న పొత్తి, 100 ఆకులు. ఈ ఎండాకాలమంత నన్ను కాపాడింది అవే. ముందే చెప్పేస్తున్న, ఎందుకంటే ఇది చదివేటోళ్లల శానమంది నా లెక్కనే డ్యూటీ నడుమ రెండు నిమిషాలు దొరికితే ఫోన్ పట్టుకునేటోళ్లే ఉంటరు. టైం లేనోళ్లు ఒక్క మాట పట్టుకొని పోండ్రి: పౌడర్ పెట్టే ముందు జిడ్డు తియ్యాలె. ఈ మాట అర్థం కానీకి నాకు రెండేండ్లు పట్టింది, పైసలు కూడ బాగనే పోయినయ్. ఆ ముచ్చటే ఇది.

నేను డయాలసిస్ యూనిట్ల, అంటే కిడ్నీలు పోయినోళ్ల రక్తాన్ని మిషన్‌తోటి శుభ్రం చేసే కాడ, స్టాఫ్ నర్సును. ఇల్లు పానగల్ల, డ్యూటీ హైదరాబాద్ రోడ్డు దిక్కున్న ఒక ప్రైవేటు దవాఖానల. పొద్దున 7 నుంచి రాత్రి 7 దాక, రెండు బ్యాచులు. ఒక్కో పేషెంటు 4 గంటలు మిషన్ మీద ఉంటరు. ఎక్కియ్యాలె, దించాలె, నడుమ గంట గంటకు బీపీ చూడాలె, మిషన్ అలారం కొడితే ఉరకాలె. దవాఖానంటే చల్లగ ఏసీల పని అనుకుంటరు మా చుట్టాలు. డయాలసిస్ రూముల ఏసీ ఉంటది గని అది మాకోసం కాదు. రక్తం ఒంటి బయట గొట్టాలల్ల తిరిగి మళ్ల లోపలికి పోతది గదా, పేషెంట్లకు చలి పెడ్తది. మే నెలల బయట తారు రోడ్డు మెత్తగవుతుంటే లోపల వాళ్లు రగ్గులు కప్పుకొని పండుకుంటరు. "సిస్టరమ్మా, జర ఏసీ తగ్గియ్యరాదు" అంటరు. తగ్గిస్తం. అదే రూముల మేము యూనిఫాం మీద ప్లాస్టిక్ ఏప్రన్, మాస్కు, రక్తం చిందకుండ కళ్ల ముందట షీల్డ్ పెట్టుకొని తిరుగుతం. ఏప్రన్ లోపల గాలాడదు. షీల్డ్ వెనుక మన ఊపిరి మనకే తగుల్తది.

నా మొకం చిన్నప్పటి సందే జిడ్డు. నుదురు, ముక్కు, గదవ, ఈ మూడు చోట్ల. చెంపలు మాత్రం మామూలే. చర్మం కింద జిడ్డు గ్రంథులు ఈ మూడు చోట్ల ఎక్కువుంటయ్, వేడి పెరిగితే జిడ్డు ఊరుడు కూడ పెరుగుతది. పొద్దున 7కు కడిగిన మొకంతోటి పోతే మొదటి బ్యాచ్ ఎక్కిచ్చేసరికి నుదురు మెరుస్తది, 10 గంటలకు ముక్కు మీద మాస్కు తీగ జారుతది.

ఇంత కష్టపడి మేకప్ ఎందుకు, ఉత్త మొకంతోటి పోరాదా అని మా అన్న అడిగిండు. నేను కూడ మొదట్ల ఉత్త మొకంతోటే పోయేదాన్ని. ఒకరోజు చండూరు దిక్కు నుంచి వచ్చే ఒక అవ్వ, వారానికి మూడుసార్లు వస్తది, నన్ను చూసి "ఏం బిడ్డా, నీకే జరమొచ్చినట్టున్నది, నాకు సూది ఎట్ల గుచ్చుతవ్?" అన్నది. నవ్వుకుంట అన్నది గని చెయ్యి వెనకకు గుంజుకున్నది. డయాలసిస్ సూదులు మామూలు ఇంజక్షన్ సూదుల లెక్కుండయ్, మస్తు లావుంటయ్, ఒక్కో రోజు రెండు గుచ్చాలె. గుచ్చేటప్పుడు పేషెంటు సూదిని చూడదు, మన మొకం చూస్తది. మనం తేటగ కనబడితే వాళ్లకు ధైర్యం. మాస్కు మీద నుంచి కనబడేది కండ్లు, నుదురే అయినా అదే వాళ్లు చదువుకుంటరు. అందుకే నా మొకం తేటగ ఉండాలనుకున్న. దాన్ని సోకు అనెటోళ్లకు నేను జవాబు చెప్పను.

ఇగ పైసలు పోయిన ముచ్చట. పోయినేడు మార్చిల 650 రూపాయల ఫౌండేషన్ కొన్న. పేరున్న కంపెనీదే, పేరు చెప్పను. అట్టడబ్బా మీద 24 గంటలు నిలుస్తదని రాసి ఉన్నది. దాని కింద ప్రైమర్, దాని మీద పౌడర్, ఆఖర్న స్ప్రే, అంత వీడియోలల్ల చూసినట్టే చేసిన. పొద్దున 6 గంటలకు అద్దంల చూసుకుంటే నిజంగ బాగున్నది. 11 గంటలకు మొదటి బ్యాచ్ దించి బాత్రూం అద్దంల చూసుకున్న. నుదురు మీద రంగు ఒక తీరు ముదిరింది, ముక్కు పక్కల గీతలు గీతలుగ చీలింది, చెమట కారిన చోట నా అసలు రంగు కనబడుతున్నది. మాస్కు తీస్తే లోపలంత ఎర్రమట్టి పూసినట్టున్నది. ఇంకా పెద్ద తప్పేందంటే, ఆ జారుడుకు మాస్కు ముక్కు కిందికి దిగుతుంటే నేను తెల్వకుండనే చేతితోటి పైకి జరుపుకుంటున్న. మా యూనిట్ల రక్తం నుంచి అంటుకునే హెపటైటిస్ బి, సి ఉన్న పేషెంట్లు కూడ ఉంటరు. గ్లౌజు చెయ్యి మొకం దిక్కు పోవద్దన్నది మేము నేర్చుకునే మొదటి పాఠం. మా ఇన్‌చార్జ్ అక్క చూసి పక్కకు పిలిచి, "మొకానికి ఏమన్న పెట్టుకో, నేను వద్దనను, గని చెయ్యి మొకం మీదికి పోయేటట్టు చేసేది ఏదీ పెట్టుకోకు" అన్నది. ఆమె మాట నాకు కొలబద్ద అయింది. అప్పటి నుంచి ఏ వస్తువైనా రంగు బాగుందా, వాసన బాగుందా అని తర్వాత చూస్త. చెయ్యి మొకం మీదికి పోనిస్తదా లేదా అన్నది ముందు చూస్త.

ఆ లెక్కన ఫౌండేషన్ పోయింది. ప్రైమర్ పోయింది. మాస్కు కింద ఇప్పుడు నేను ఏమీ పూసుకోను, మాయిశ్చరైజర్ తప్ప. ముక్కు సగం నుంచి కిందికి ఎవ్వరికీ కనబడదు, అక్కడ రంగు పూస్తే అది మాస్కుకే పోతది, పైగ గాలాడని చోట మొటిమలు లేస్తయ్. కనబడేది పైభాగం, పని అంత అక్కడనే. ఈ ఒక్క నిర్ణయంతోటి నా ఖర్చు సగం తగ్గింది.

తర్వాత, జిడ్డు ఎక్కువైతే ఎక్కువసార్లు కడగాలె అనుకున్న. రోజుకు ఐదుసార్లు కడిగిన, సబ్బుతోటి. ముక్కు మీద జిడ్డు తగ్గలె, చెంపలు మాత్రం మండినయ్, గదవ కింద పొట్టు లేచింది. దీనికి సగం కారణం మా నీళ్లని నాకు మా ఆర్‌ఓ ప్లాంటు దగ్గర తెలిసింది.

డయాలసిస్‌ల ఒక్క పేషెంటుకు 4 గంటలకు దగ్గర దగ్గర 120 లీటర్ల నీళ్లు పడ్తయ్, మిషన్ నిమిషానికి అర లీటరు ద్రావణం పంపుతది. ఆ నీళ్లు రక్తానికి పల్చటి పొర అవతల నుంచే పోతయ్ కాబట్టి ఉత్త బోరు నీళ్లు పంపితే పేషెంటుకు వాంతులు, తలనొప్పి, బీపీ పెరుగుడు, ప్రాణానికే ముప్పు. అందుకే ముందు ఇసుక ఫిల్టర్, తర్వాత సాఫ్ట్‌నర్, కార్బన్, ఆఖర్న ఆర్‌ఓ. సాఫ్ట్‌నర్ పని నీళ్లలున్న కాల్షియం, మెగ్నీషియం పట్టుకొనుడు. మా టెక్నీషియన్ తమ్ముడు రోజూ పొద్దున గాజు గొట్టంల నీళ్లు పట్టి పరీక్ష చేస్తడు. ఒకరోజు సాఫ్ట్‌నర్ ముందటి నీళ్లు, వెనుకటి నీళ్లు రెండు సీసాలల్ల పట్టి, రెండిట్ల ఇంత సబ్బు ముక్క వేసి ఊపి చూపిచ్చిండు. వెనుకటి సీసాల నురుగు మూత దాక లేచింది. ముందటి సీసాల నురుగు లేదు, తెల్లగ పాల విరుగుడు లెక్క ముక్కలు తేలినయ్. "అక్కా, నువ్వు రోజు మొకానికి రుద్దుకునేది ఇదే" అన్నడు. బడిల కఠిన జలం అని చదివినం, పరీక్షల రాసినం, గని నా మొకంతోటి దానికి సంబంధమున్నదని ఆ రోజు దాక తోచలె. మా ఇంట్ల నల్లాలకు తెల్లటి పెచ్చులు కట్టేది దానికే. ఆ సబ్బు ముక్కలు కడిగినా పూర్తిగ పోవు, చర్మం మీద పొర లెక్క మిగుల్తయ్, మండిస్తయ్.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలె. నల్లగొండ నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ అంటరు. అది వేరు, ఇది వేరు. ఫ్లోరైడ్ పండ్లను, బొక్కలను పట్టుకుంటది. మా మర్రిగూడ, మునుగోడు దిక్కు ముసలోళ్ల నడుములు చూస్తే తెలుస్తది అది చేసిన నష్టం. సబ్బును విరగ్గొట్టేది మాత్రం కాల్షియం, మెగ్నీషియమే. ఫ్లోరైడ్ నీళ్లతోటి మొటిమలొస్తయని ఎవరన్న చెప్పి ఏమన్న అమ్మజూస్తే నమ్మకండ్రి.

ఇప్పుడు నేను మొకానికి సబ్బు ముట్టను. బోరు నీళ్లు కాకుండ మిషన్ భగీరథ నీళ్లు ఒక బిందెల పట్టి పెట్టుకుంట, మొకం వరకు వాటితోటే. సబ్బు కాని ఫేస్‌వాష్ వాడుత, అది ఉప్పు నీళ్లల్ల కూడ అట్ల విరగదు. నేను వాడేది 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది, 100 మిల్లీ 299 రూపాయలు. సాలిసిలిక్ యాసిడ్ నూనెల కరుగుతది కాబట్టి రంధ్రాలల్ల గడ్డకట్టిన జిడ్డు దాక పోతది, నల్లచుక్కలు మెల్లగ తగ్గుతయ్. మొదట రోజు విడిచి రోజు రాత్రి పూట మొదలువెట్టిన, మూడు వారాలకు రోజూ రాత్రి వాడుతున్న. పొద్దున ఉత్త నీళ్లే. కడుపుతోటున్నోళ్లు డాక్టరును అడగకుండ దీని జోలికి పోవద్దు. కడిగినంక జెల్ లెక్కుండే తేలిక మాయిశ్చరైజర్ బఠాణీ గింజంత. జిడ్డు మొకానికి మాయిశ్చరైజర్ ఏందని మా అమ్మ ఇప్పటికీ అంటది. నా చెంపల మంట తగ్గింది దానితోటే.

నియాసినమైడ్ గురించి శానమంది అడుగుతరు. బి3 విటమిన్ అది. 10 శాతంది నాకు మండింది, 5 శాతంది సరిపోయింది. రెండు నెలలు విడవకుండ రాస్తే జిడ్డు కొంచెం తగ్గినట్టనిపించింది. వారంల మార్పు చూస్తమనుకునేటోళ్లు కొనకండ్రి.

ఇగ కాయితాల దగ్గరికొస్త. ఇవి రెండు రకాలు. ఒకటి నార కాయితం లెక్కుంటది, కొన్నిటి మీద పౌడర్ కూడ అద్ది ఉంటది. పౌడరున్నది నా చామనఛాయ మీద తెల్ల మచ్చలు వదిలింది, అది తీసుకోకండ్రి. రెండోది పల్చటి ప్లాస్టిక్ పొర లెక్క నీలంగ ఉంటది, జిడ్డు తగిలిన చోట గాజు లెక్క ఆవలి వైపు కనబడుతది. నాకు నచ్చింది ఈ నీలంది. ఒక్క ఆకు నుదురుకు, ముక్కుకు సరిపోతది. దీనికొక గుణమున్నది: జిడ్డు గుంజుతది గని చెమట గుంజదు. మొదటి వారం నాకిది తెల్వక, చెమట మొకం మీద పెట్టి కాయితం పనికిరాదనుకున్న. ముందు చెమట తియ్యాలె. దానికి మా అమ్మ పాత నూలు చీర ముక్కలు నాలుగు కోసి, ఉడికిచ్చి ఆరబెట్టి, జిప్పు కవర్ల పెట్టుకున్న. కొత్త రుమాలు చెమట పీల్చదు, పాత నూలు వెంటనే పీలుస్తది. బట్టతోటి చెమట, కాయితంతోటి జిడ్డు. రెండూ అద్దుడే, రుద్దుడు లేదు. నుదురు మీద కాయితం పెట్టి అరచేతితోటి ఒత్తి మనసుల ఐదు లెక్కపెట్టి తీస్త. రుద్దితే జిడ్డు పక్కకు జరుగుతది, కింద పూసుకున్నది కూడ లేచొస్తది.

డ్యూటీల మూడుసార్లు అద్దుకుంట. మొదటి బ్యాచ్ దించినంక ఒకసారి, అన్నం తిన్నంక ఒకసారి, సాయంత్రం రెండో బ్యాచ్ దించే ముందు ఒకసారి. మూడు ఆకులంటే 3 రూపాయల 60 పైసలు, సగం చాయ పైసలు కూడ కావు. పొత్తి 33 డ్యూటీలకొస్తది. 650 రూపాయల ఫౌండేషన్ ఒక్క పూట నిలవలె.

అద్దుకునేది ఎక్కడన్నది కూడ ముఖ్యం. రక్తంతోటి పని జరిగే రూముల తినొద్దు, తాగొద్దు, మొకానికి ఏదీ పూసుకోవద్దు. ఏప్రన్, గ్లౌజులు విప్పి, చేతులు సబ్బుతోటి కడుక్కొని, బట్టలు మార్చుకునే రూముకు పోయి అక్కడ అద్దుకోవాలె. మా దగ్గర కొత్తగ చేరిన ఒక చెల్లె టైం లేదని స్పిరిట్ స్వాబ్‌తోటి ముక్కు తుడుచుకుంటుంటే చూసిన. సూది గుచ్చే ముందు చర్మానికి వాడే స్పిరిట్ అది. నాలుగు రోజులకు ఆమె ముక్కు పక్కల ఎర్రగ పొక్కింది. జిడ్డు పోయినట్టే ఉంటది, చల్లగ కూడ ఉంటది, అందుకే అలవాటవుతది. మానుకోమని బతిమాలిన. ఆమెకు నా పొత్తిల నుంచి పది ఆకులిచ్చిన. యూనిట్ గాజుగుడ్డ కూడ వాడొద్దు, అది పేషెంట్లది.

జిడ్డు తీసినంకనే పౌడర్. జిడ్డు మీద పౌడర్ పడితే పిండి కలిపినట్టు ముద్ద అయితది, గంటకు చీలుతది. జిడ్డు లేని చర్మం మీద ఇంతే ఇంత కంపాక్ట్ (డబ్బాల గట్టిగ అదిమిన పౌడర్), నుదురుకు, ముక్కు పైభాగానికి. చెంపల మీదికి పోను. ఈ కంపాక్ట్ రంగు దొరకనీకి నేను మూడు మార్చిన. మన దుకాణాలల్ల ముందుగ చేతికిచ్చేది తెల్లటి గులాబి రంగుదే. చామనఛాయ మీద అది బూడిద పూసినట్టుంటది, ట్యూబులైట్ కింద ఇంకా ఎక్కువ. ప్రకాశం బజార్ షాపు అక్క మాత్రం నాకు ఆ డబ్బా ఇయ్యలె. "గదవ కింద పెట్టుకొని బయట వెలుగుల చూస్కో" అని అద్దం చేతికిచ్చి గుమ్మం దాక తోలింది. మూడు రంగులు పెట్టుకొని చూసిన, కనబడకుండ చర్మంల కలిసిపోయింది నడిమిది. 240 రూపాయలు. ఆరు నెలల సంది అదే. దాని స్పాంజి ఆదివారం ఆదివారం ఫేస్‌వాష్‌తోటి కడిగి ఎండల పెడ్త. తోటి సిస్టర్లకు డబ్బా ఇయ్యను, వాళ్లది నేను అడగను, స్పాంజి ఒకరిదొకరు వాడొద్దు.

కంపాక్ట్ కింద పొద్దున పూసుకునేది లాక్టో కాలమైన్. మా అమ్మ పెండ్లి కాక ముందటి సంది వాడిన గులాబి రంగు సీసా. కయోలిన్ అనే తెల్లమట్టి, జింక్ ఆక్సైడ్ ఉంటయ్ దాంట్ల, మట్టి జిడ్డును పీల్చుకుంటది. ముల్తానీ మట్టి పట్టు వేసుకున్నట్టే అనుకోండ్రి, గని రోజూ పూసుకోవచ్చు. ఒక్క చుక్క తీసుకొని నుదురు మీద పల్చగ సాపాలె. ఎక్కువైతే తెల్లగ తేల్తది. చెంపల మీద పెడితే పొడిబారుతయ్, అక్కడ వద్దు. నేను చూసిన ప్రైమర్లన్నిటి కంటే నాకు ఇది మేలు చేసింది. సెలవు రోజు మధ్యాహ్నం బయటకు పోవాలంటే దీని బదులు ఎస్‌పీఎఫ్ 50 ఉన్న జెల్ సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడుగు.

కాటుక నీళ్లకు చెదరనిదే, కింది రెప్ప బయటి సగానికే. లిప్‌స్టిక్ లేదు. పెదవులకు వాజిలిన్.

బొట్టు గురించి కొంచెం చెప్పాలె. మొదట్ల నేను స్టిక్కర్ బొట్టు పెట్టుకునేదాన్ని. జిడ్డు నుదురు మీద స్టిక్కర్ నిలవదు. ఒకరోజు క్యాథెటర్ (పేషెంటు ఒంట్ల పెట్టిన డయాలసిస్ గొట్టం) డ్రెస్సింగ్ చేస్తుంటే వంగినప్పుడు బొట్టు ఊడి, క్రిములు లేకుండ చేసిన స్టెరైల్ ట్రేల పడ్డది. ట్రే అంత తీసేసి కొత్తది తెరిచిన, ఎవ్వరూ ఏమనలె గని నాకు రాత్రి నిద్రపట్టలె. ఆ క్యాథెటర్ నేరుగ గుండె దగ్గరి నరంల ఉంటది. అప్పటి సంది సీసాల వచ్చే తిలకమే, ఆరినంక రాలదు. స్టిక్కర్లతోటి ఇంకొక బాధ కూడ ఉన్నది. కొన్నిటి జిగురుల ఉండే రసాయనం పడనోళ్లకు బొట్టు పెట్టుకునే చోటనే చర్మం తెల్లబడుతది. మా మేనత్తకు అట్లనే అయింది, చర్మం డాక్టరే చెప్పిండు బొట్టు జిగురు వల్లనని. నుదురు నడుమ దురద మొదలైతే అదే గుర్తు, ఆపెయ్యాలె.

తలకు నూనె కూడ. రాత్రి కొబ్బరి నూనె బాగ పెట్టి పొద్దున జడేసుకొని డ్యూటీకి పోయేదాన్ని. నుదురు పైన వెంట్రుకల అంచుకు వరసగ చిన్న చిన్న పొక్కులు. నూనె సెలవు రోజుకు మార్చిన, కుదుళ్లకు కాకుండ కింది జుట్టుకే. నెలన్నరకు పొక్కులు పోయినయ్. ఇంతకంటే చవకైన ఉపాయం నాకు ఇంకోటి దొరకలె.

ఇప్పుడు నేను నిజంగ బాధపడి రాసే భాగం. నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్ పక్క దుకాణంల ఒక చిన్న డబ్బా క్రీము కొన్న. మూత మీద పువ్వు బొమ్మ, లోపల ఏమున్నదో రాసి లేదు, తయారైన తారీఖు లేదు. మొటిమలు, మచ్చలు, రంగు అన్నిటికీ ఒకటే క్రీమన్నరు. పది రోజుల మొకం మెరిసింది, మొటిమలు మాయం. హాస్టల్ల ఎనిమిది మందిమి కొన్నం. మూడు నెలలకు మానేస్తే మొకమంత ఎర్రగయి మండింది, ఎండకు పోతే ఓర్వలె, మొటిమలు మునుపటి కంటే ఎక్కువ లేచినయ్. చర్మం డాక్టరు చూసి, ఇది స్టెరాయిడ్ చేసిన పని అన్నడు. చర్మం పల్చబడి లోపలి ఎర్ర నరాలు కనబడుతున్నయన్నడు. కోలుకోనీకి ఏడాది పట్టింది. చదువుకున్నది నర్సింగ్, అయినా పది రోజుల మెరుపుకు పడిపోయిన. 2018ల సర్కారు శాన స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా పేరు రాయని డబ్బాలు ఎక్కడో ఒకచోట దొరుకుతనే ఉంటయ్. డబ్బా మీద ఏం కలిపిన్రో రాసి లేకపోతే, వారంల తెలుపు అని చెబితే, చేతిల పెట్టినా తీసుకోకండ్రి. మెడికల్ షాపుల అడగంగనే ఇచ్చే ట్యూబుల మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. డాక్టరు చూసి రాస్తేనే, ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులే.

షాపు సంగతి. ప్రకాశం బజార్ దుకాణం ఇరుకు, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి జాగ లేదు. సాయంత్రం పెండ్లి బేరాలుంటే అక్కకు మాట్లాడే తీరిక ఉండదు, పొద్దున 11 గంటలకు పోవాలె. తెరిచిన వస్తువు వాపసు తీసుకోదు, అది న్యాయమే. నాకు నచ్చింది, డబ్బా వెనుక తారీఖు చదువుతుంటే మొకం మాడ్చుకోదు, తనే తిప్పి చూపిస్తది. మూత తెరిచిన డబ్బా బొమ్మ, పక్కన 12 ఎం అని ఉంటే తెరిచినంక 12 నెలలే వాడాలన్న లెక్క నాకు చెప్పింది ఆమెనే. ఒక్క లోటు, నీలం కాయితాలు కొన్నిసార్లు ఉండయ్. అయిపోతే హైదరాబాద్ నుంచి సరుకు వచ్చేదాక వారం, పది రోజులు ఆగాలె. నేను రెండు పొత్తులు ముందే తెచ్చి పెట్టుకుంట.

పోయిన సోమవారం మొదటి బ్యాచ్ దించినంక బయట బల్ల మీద చండూరు అవ్వ పక్కన కూసున్న, వాళ్ల కొడుకు బండి తేనీకి పోయిండు. అప్పటికే లోపల కాయితం అద్దుకొని వచ్చిన, జేబుల పొత్తి బయటకు కనబడ్డది. "ఏందది?" అన్నది. చెప్పిన. నేను అద్దుకున్న ఆకు చూపిచ్చిన, ఆవలి వైపు కనబడుతున్నది. అవ్వ దాన్ని వెలుగుకు పట్టుకొని చూసి, "ఇంత నూనెనా బిడ్డా? నాకింత ఇయ్యరాదు" అన్నది. కిడ్నీలు పోయినోళ్లకు చెమట గ్రంథులు, జిడ్డు గ్రంథులు కుంచించుకుపోతయ్. చర్మం ఎండిన చెరువు మట్టి లెక్క పగులుతది, రాత్రుళ్లు దురదకు నిద్రుండదు. అవ్వ చేతులు, కాళ్లు గోక్కొని గోక్కొని నల్లగ గీతలు పడ్డయ్. డయాలసిస్ అయిపోయినంక, సూదులు గుచ్చని చేతికి, కాళ్లకు కొబ్బరి నూనె పట్టిస్త నేనప్పుడప్పుడు. ఫిస్టులా చేతికి, అంటే సూదులు గుచ్చే చేతికి, సూదికి ముందు నూనె తగలొద్దు, శుభ్రంగ కడగాలె, ఆ సంగతి అవ్వకు నాకంటే బాగ తెలుసు.

ఒక కొత్త ఆకు అడిగి తీసుకొని తన నుదురుకు ఒత్తుకున్నది. నేను చేసినట్టే అరచెయ్యి పెట్టి కొంచెం సేపు ఆగింది. తీసి చూస్తే కాయితం ఎట్ల పెట్టిందో అట్లనే వచ్చింది, నీలంగ. ఏమనలె అవ్వ. దాన్ని మడిచి బొడ్ల సంచిల పెట్టుకొని, "నా మనుమరాలు డిగ్రీ చదువుతున్నది, దాని మొకం నీ లెక్కనే. దానికిస్త" అన్నది. వాడిన కాయితమెందుకని కొత్తవి పది లెక్కపెట్టి ఇచ్చిన. బుధవారం ఆ పిల్ల అవ్వ ఫోన్ల నుంచే మాట్లాడింది, షాపు ఎక్కడక్కా అని. క్లాక్ టవర్ కాడ దిగి ప్రకాశం బజార్ అని అడుగుమన్న, పొద్దున 11కు పొమ్మన్న, నీలం రంగువే అడుగుమన్న, మొకానికి ఏ క్రీము వాడుతున్నవో ఆ డబ్బా ఫొటో తీసి నాకు ముందు పంపుమన్న.